ఆయిల్ కూలర్ హోసులు ఇంట్లో మార్చుకోవచ్చా? : మీ బండి ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది తిరుపతి. మా పెదనాన్న మద్రాసులో ఉద్యోగం చేసేటప్పుడు కొన్న 1971 ఎంజీబీ ఉంది, బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, టూ సీటర్, టాప్ తెరుచుకునేది. ఆయన పోయినాక చాలా ఏండ్లు షెడ్లోనే ఉండిపోతే పోయినేడు నేనే మళ్ళా నడిచేట్టు చేసుకున్నా. ఈ మధ్య పొద్దున్నే చూస్తే ముందు గ్రిల్ కింద నేల మీద రూపాయి బిళ్ళంత నూనె మరక ఉంటాంది. ఆయిల్ కూలర్‌కి పోయే రెండు హోసులూ చేత్తో వంచి చూస్తే పైన రబ్బరంతా సన్నగా పగుళ్ళిచ్చింది. ఇక్కడ ఒక మెకానిక్‌ని అడిగితే ఆ ముక్క కోసేసి రేడియేటర్ హోస్ వేసి క్లిప్పు బిగిస్తే అయిపోతుంది అన్నాడు. అది కరెక్టేనా? లేదంటే కొత్త హోసులు తెప్పించుకుంటే ఇంట్లో నేనే మార్చుకోవచ్చా? ఎండలు ముదిరేలోపు మా అమ్మని ఈ బండిలో కొండకి తీసుకుపోవాలని ఉంది. (పాఠకుడు, తిరుపతి)

జవాబు: తమ్ముడూ, ముందు ఒక మాట, ఈ జవాబు చదివేదాకా ఆగకుండా ఈ రోజే ఆ బండి తాళం తీసి ఇంట్లో పెట్టు. రూపాయి బిళ్ళంత మరకే కదా అనుకుంటాం గానీ ఆ మరక ఎక్కడినుంచి వస్తాందో తెలిస్తే నువ్వు సందు చివరికి కూడా పోవు.

ఎట్లంటే, నీ ఇంజన్‌లో ఆయిల్ పంపు సంప్‌లోంచి, అంటే ఇంజన్ అడుగునుండే నూనె తొట్టిలోంచి, నూనె లాగి బ్లాక్ వెనకవైపు ఉన్న రంధ్రంలోంచి బయటికి తోస్తుంది, అక్కడ మొదటి హోస్ మొదలై రేడియేటర్ ముందున్న కూలర్‌కి పోతుంది, కూలర్‌లో చల్లబడిన నూనె రెండో హోస్‌లో వెనక్కి వచ్చి ఫిల్టర్ తలకి చేరి, ఫిల్టర్ దాటినాకే క్రాంక్ బేరింగులకి పోతుంది. అంటే బేరింగులకి పోయే నూనెంతా ఈ రెండు హోసుల్లోంచి పోయి రావాల్సిందే, పక్కదోవ ఏదీ లేదు. బ్రేక్ లైటు పోతే ఇంకో లైటుతో ఇంటికి రావచ్చు, ఈ హోస్ పగిలితే మాత్రం పంపు ఆగదు, సంప్‌లో ఉన్న నాలుగు లీటర్ల చిల్లర నూనె మొత్తం రోడ్డు మీదికి తోసేస్తుంది, నూనె ఒత్తిడి చూపించే గేజీ ముల్లు సున్నాకి పడేటప్పటికి నువ్వు ఎదర లారీని చూస్తా ఉంటావు గానీ గేజీని కాదు. నూనె లేకుండా ఇంజన్ కొద్దిసేపు తిరిగినా బేరింగులు పట్టేస్తాయి. ఇంకోటి, అది ఘాట్ రోడ్డులో అయితే ఆ నూనె మీద వెనకొచ్చే టూవీలర్ వాళ్ళు జారతారు, గుండు చేయించుకోని, పిల్లల్ని ముందు కూర్చోబెట్టుకోని దిగే వాళ్ళు ఎంతమంది ఉంటారో నీకు నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి రేడియేటర్ హోస్ ముక్క, క్లిప్పు అనే మాట మర్చిపో. రేడియేటర్‌లో ఒత్తిడి పదీ పదిహేను పీఎస్ఐ (టైర్ల గాలి కొలిచే లెక్కే) ఉంటుంది, ఆ హోస్ చేసేదే దానికి. నీ బండిలో నూనె ఒత్తిడి నడిచేటప్పుడు 50 నుంచి 80 పీఎస్ఐ, పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంకా పైకి కూడా పోతుంది. పైగా ఆ రబ్బరు నీళ్ళకి పనికొచ్చే రబ్బరు, వేడి నూనె తగిలితే ఉబ్బి మెత్తబడి క్లిప్పు కిందనుంచి జారిపోతుంది. ఆ మెకానిక్ చెడ్డవాడని కాదు, ఆయన రోజూ చూసేవి ఇట్లాంటి బండ్లు కావు, అంతే.

ఇంట్లో మార్చుకోవచ్చా అంటే, మార్చుకోవచ్చు, ఒక ఆదివారం పని. కష్టమైన పని కాదు గానీ తొందరపడితే కొత్త హోసుల ఖర్చుకి కూలర్ ఖర్చు తోడయ్యే పని. అది ఎందుకంటున్నానో చెప్తా.

నేను పని నేర్చుకునే రోజుల్లో రేణిగుంట రోడ్డులో ఒక షెడ్డులో ఇట్లాంటి పాత బ్రిటిష్ బండికే కూలర్ హోస్ విప్పినా. నట్టు బిగుసుకుపోయింది, ఒక్క స్పానర్ వేసి బలమంతా పెట్టినా. కదిలింది. ఆహా వచ్చేసింది అనుకున్నా, కానీ తిరిగింది నట్టు కాదు, నట్టుతోపాటు కూలర్‌కి అతికించిన పైపు మొన మొత్తం తిరిగింది. చూపుకి ఏమీ కనపడలా. కొత్త హోస్ బిగించి స్టార్ట్ చేసినాక ఆ మొన మొదట్లో, అతుకు దగ్గర, వెంట్రుక మందం చీలికలోంచి నూనె చెమట పట్టినట్టు వచ్చి చుక్క కట్టి కింద పడింది, తుడిస్తే మళ్ళా పడింది. ఆ కూలర్ మళ్ళా పనికిరాలా, దాని డబ్బు నా జీతంలో పోయింది. అందుకే చెప్తాండా, కూలర్ దగ్గర ఎప్పుడైనా సరే రెండు స్పానర్లు. ఒకటి కూలర్ మొన మీదుండే పలకలకి వేసి కదలకుండా గట్టిగా పట్టుకో, ఇంకోటి హోస్ నట్టుకి వేసి తిప్పు. రెండు చేతులూ ఎదురెదురు పిడికిళ్ళు పిసికినట్టు దగ్గరికి రావాలి, అప్పుడు ఆ బలం కూలర్ దాకా పోదు. విప్పేటప్పుడూ ఇదే, బిగించేటప్పుడూ ఇదే. ఈ జవాబులో ఒక్కటే గుర్తుపెట్టుకుంటా అంటే ఇది గుర్తుపెట్టుకో.

ఇంక పని వరుస. ముందురోజు సాయంత్రం నాలుగు నట్ల మీదా తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలెయ్. పొద్దున్నే సీట్ల వెనకుండే బ్యాటరీ ఎర్త్ వైరు తీసెయ్యి, నీ 1971 మోడల్‌లో రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉంటాయి, ఎవరైనా మార్చేసుంటే ఒక్క 12 వోల్టులది ఉంటుంది, ఏదైనా తీసెయ్. ఎందుకంటే బ్లాక్ వెనక నట్టు దగ్గరే స్టార్టర్ ఉంది, స్పానర్ జారి ఆ లావు వైరుకి తగిల్తే నిప్పులు వస్తాయి, పక్కనే నూనె. ముందువైపు జాకీతో లేపి స్టాండ్ల మీద దించు, ఇటుకల మీద వద్దు, బండ మీద వద్దు, జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరొద్దు, మా ప్రాంతంలో ఇట్ల పోయినవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇంత గట్టిగా చెప్తాండా. వెనక చక్రాలకి రాళ్ళు పెట్టు.

సంప్ నూనె మొత్తం దించెయ్, ఎట్లా ఫిల్టర్ కూడా మారుస్తావు కదా. సంప్ ఖాళీ అయింది కదా అని హోస్ కింద ఏమీ పెట్టకుండా విప్పేవు, కూలర్‌లో, హోసుల్లో కలిపి ఇంకా అర లీటరుకి కాస్త తక్కువ నూనె నిలిచే ఉంటుంది, విప్పంగానే మోచేతిదాకా వస్తుంది. పాత తాంబాళం ఏదన్నా పెట్టుకో, అమ్మని అడిగి తీసుకో, చెప్పకుండా కాదు.

పాత హోసులు విప్పేముందు ఫోన్‌లో నాలుగు వైపులనుంచి ఫోటోలు తీసుకో. ఏ హోస్ ఏ హోస్ పైన పోతాంది, రేడియేటర్ పక్క రేకులోంచి దూరే చోట రబ్బరు వాషర్ ఎట్లుంది, ఫ్యాన్‌కి ఎంత ఎడం ఉంది, ఇవి రేపు నీకు గుర్తుండవు. ఆ రేకు రంధ్రాల్లో ఉండే రబ్బరు వాషర్లు కొత్తవి తప్పకుండా వెయ్, పది పదిహేను రూపాయల వస్తువు లేక రేకు అంచు హోస్‌ని కత్తిలాగ కోసేసిన బండ్లు చూసినా. గేజీకి పోయే సన్న పైపుకి ఇంజన్ దగ్గర ఒక చిన్న రబ్బరు ముక్క ఉంటుంది చూడు, దాంట్లోనూ అదే ఒత్తిడి, దాని వయసూ ఇంతే, పనిలో పని అదీ మార్చెయ్.

కొత్త హోస్ లోపల కటింగ్ పొడి ఉంటుంది, కిరోసిన్ పోసి ఊపి, గాలి కొట్టి, తెల్ల గుడ్డ మీద పట్టి చూడు, గుడ్డ మాయకుండా ఉండేదాకా కడుగు. బిగించేటప్పుడు ముందు రెండు చివర్లూ చేత్తో ఎక్కించు, నట్టు మొదటి మూడు చుట్లు వేళ్ళతోనే రావాలి, రాలేదంటే మర అడ్డంగా పడింది, వెనక్కి తిప్పి మళ్ళా పెట్టు. హోస్ మీద పొడుగునా అచ్చు వేసిన గీత ఉంటుంది, బిగించినాక ఆ గీత నిటారుగా ఉండాలి, మెలి తిరిగితే హోస్‌ని పిండిన బట్టలాగ బిగించినావని అర్థం, అది తొందరగా పోతుంది. ఈ కోన్ జాయింట్లకి టేపు చుట్టొద్దు, ఎంసీల్ అసలే వద్దు, లోహం లోహానికి ఆనుకుంటేనే నూనె ఆగుతుంది, టేపు తుంపు తెగి లోపలికి పోతే దారి మూస్తుంది.

ఇప్పుడు చాలామంది మర్చిపోయే పని. నీ ఎంజీబీలో ఉండే ఈ బి సిరీస్ రకం ఇంజన్లలో నూనె దించి హోసులు విప్పినాక పంపు పొడిబారి మళ్ళా నూనె ఎత్తకపోవడం మామూలే. అందుకే బ్లాక్ వెనక చివర బిగించే ముందు ఆ రంధ్రంలోకే చిన్న గరాటుతో కొత్త నూనె నిదానంగా పొయ్యి, అది వెనక్కి పంపులోకి దిగుతుంది. తర్వాత హోస్ బిగించు, సంప్‌లో 20డబ్ల్యూ50 రకం ఇంజన్ ఆయిల్ పోసుకో, కూలర్‌తో కలిపి మొత్తం నాలుగున్నర లీటర్ల దాకా పడుతుంది. బ్యాటరీ ఎర్త్ పెట్టి, నాలుగు ప్లగ్గులూ తీసి, కాయిల్ తెల్ల వైరు పీకి, పది పదిహేను సెకండ్లు స్టార్టర్ తిప్పు, ఆపు, ఒక నిమిషం ఆగు, మళ్ళా తిప్పు. గేజీ ముల్లు కదిలేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యొద్దు. నాలుగైదుసార్లు తిప్పినా కదల్లేదంటే మళ్ళా విప్పి మళ్ళా నూనె పోయాల్సిందే, స్టార్ట్ చేస్తే అదే ఎత్తుకుంటుందిలే అనుకోవద్దు. ముల్లు లేచినాక ప్లగ్గులు పెట్టి స్టార్ట్ చేసి, ఐడిల్‌లోనే నాలుగు జాయింట్లూ టార్చ్ వేసి, తెల్ల పేపరు ఆనించి చూడు. ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసుకుంటే తగ్గుంటుంది, కూలర్ నిండింది కదా, తగ్గినంత పొయ్యి.

మొదటిరోజే కొండకి వద్దు. చంద్రగిరి దాకా పోయిరా, చదును రోడ్డు, కోట దగ్గర చెట్టు నీడలో ఆపి బానెట్ ఎత్తి చూడు. ఇంటికొచ్చినాక రాత్రి కింద అట్టముక్క పరిచి పెట్టు, పొద్దున చుక్క ఉంటే ఏ జాయింట్ కింద ఉందో అదే చెప్తుంది. నూరు కిలోమీటర్లు తిరిగినాక ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మళ్ళా రెండు స్పానర్లతోనే, బిగువు ఒకసారి చూడు. అప్పుడు అమ్మని తీసుకోని తెల్లారుజామున, ఎండ రాకముందే, అలిపిరి దాటు. పైకెక్కేటప్పుడు కింది గేర్లలో ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది, గాలి తక్కువ తగుల్తుంది, నూనె వేడెక్కేది అక్కడే, ఐడిల్‌లో ముల్లు 10, 15 దాకా దిగితే భయపడొద్దు, వేడి మీద అంతే ఉంటుంది. నడుస్తుండగా 50 లోపలికి జారిందంటే మాత్రం పక్కన ఆపి చూడు.

ప్రశ్న: సార్, మాది చిత్తూరు. మా గ్రానైట్ ఫ్యాక్టరీ మిషన్లకి, జేసీబీకి హైడ్రాలిక్ హోసులు చేసిచ్చే షాపు మాకు బాగా తెలుసు. నా స్పోర్ట్స్ కారు ఆయిల్ కూలర్ హోస్ కూడా అక్కడే చేయిస్తా అంటే మా ఫ్రెండ్ వద్దంటున్నాడు. జేసీబీ బకెట్‌ని లేపే హోస్ కారు నూనెకి ఆగదా? (పాఠకుడు, చిత్తూరు)

జవాబు: ఒత్తిడికి ఆగుతుంది, దాని గురించి అనుమానమే లేదు. అర అంగుళం హోస్, ఒక్క వరస స్టీల్ వైరు ఉండేది, అంటే షాపులో 100ఆర్1 అనేది, రెండువేల పీఎస్ఐ పైన ఆగుతుంది, కారులో నూట యాభై కూడా అరుదు. మీ ఫ్రెండ్ అడ్డం చెప్పడంలోనూ న్యాయం ఉంది, తేడా వచ్చేది వేడి దగ్గర. ఆ హోస్ మీద రాసిన హద్దు 100 డిగ్రీలు. జేసీబీలో హైడ్రాలిక్ నూనె అంత వేడెక్కితే మిషన్ ఆపేస్తారు. కారు ఇంజన్ నూనె మన మే నెలలో, ఏసీ వేసుకోని, బాకరాపేట ఘాట్ ఎక్కితే 100 దాటి 120 దాకా పోవడం వింత కాదు. మొదటి ఏడాది ఏమీ కాదు, అందుకే అందరూ సరిపోయిందనుకుంటారు. లోపలి రబ్బరు ఆ వేడికి కొంచెం కొంచెంగా గట్టిపడి, వంపు దగ్గర పెంకులాగ పగుల్తుంది, పైనుంచి చూస్తే కొత్తదానిలాగే ఉంటుంది.

షాపుకి పోండి, ఆ షాపులో ఫిట్టింగుని హోస్ చివరికి నొక్కి బిగించే క్రింపింగ్ మిషన్ ఉంది, పనివాడున్నాడు, అది మంచిదే. హోస్ మాత్రం అడిగి తీసుకోండి. వేడికి ఆగే రబ్బరుది, 150 డిగ్రీలని ముద్ర ఉన్నది, లేదా లోపల టెఫ్లాన్ పైన స్టీల్ జాలీ ఉండే 100ఆర్14 రకం, అది 200 డిగ్రీల దాకా ఆగుతుంది, ధర ఎక్కువ. టెఫ్లాన్‌ది ఎక్కువ వంచితే మడత పడుతుంది, ఒకసారి మడత పడితే ఇంక పారెయ్యాల్సిందే. లోపలి రంధ్రం పాతదానికంటే సన్నం కాకూడదు. పాత హోస్ ఎత్తుకోనే పోండి, ఫోటో చాలదు. పొడవు కూడా దాంతోనే కొలవాలి, ఒక్క పిసరు కూడా తగ్గకూడదు, ఒత్తిడి ఎక్కితే హోస్ నూటికి నాలుగు వంతుల దాకా కుదించుకోవచ్చు, ఇంజన్ రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది, బిగుతుగా ఉంటే చివర్లు లాక్కుంటాయి.

ఇంకొక ముఖ్యమైన సంగతి మరలు. పాత బ్రిటిష్ కూలర్లకి ఎక్కువగా బీఎస్పీ అనే బ్రిటిష్ పైపు మర ఉంటుంది, షాపులో డబ్బా నిండా జేఐసీ అనే అమెరికా రకం ఫిట్టింగులు ఉంటాయి. 5/8 బీఎస్పీ మగ మర బయటి కొలత 22.9 మిల్లీమీటర్లు, 7/8 జేఐసీది 22.2, అంగుళానికి మరలు రెండిటికీ 14. చూడడానికి అన్నదమ్ముల్లాగ ఉంటాయి. బీఎస్పీ నట్టు జేఐసీ మొనకి ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది, కానీ మర సగమే పట్టుకోనుంటుంది, కోన్ వాలు కూడా కలవదు. సన్న కొలతలు తీసే వెర్నియర్ పెట్టి కొలిపించండి. చేత్తో ఎక్కిస్తే అటూ ఇటూ గడగడలాడిందంటే అది మీ ఫిట్టింగ్ కాదు.

ప్రశ్న: స్టీల్ జాలీ హోసులు చూడడానికి బాగున్నాయని వేసినా, నాలుగు నెలలకే పక్కనున్న ఏసీ పైపు అరిగి గ్యాస్ పోయింది. హోస్ తప్పా? (పాఠకుడు, మదనపల్లె)

జవాబు: హోస్ తప్పు కాదు, ఆ జాలీ గుణమే అంత, ఇంజన్ ఊగినప్పుడల్లా ఆకురాయిలాగ పక్కదాన్ని రాస్తుంది. రబ్బరునీ, అల్యూమినియాన్నీ, ఛాసిస్ రేకునీ కూడా తినేస్తుంది. పైన తొడుగు ఉండే రకం దొరికితే అది వాడండి, లేకపోతే తగిలే చోటల్లా మందం రబ్బరు ట్యూబు చీల్చి తొడిగి, రబ్బరు ఉండే పి క్లిప్పులతో దేనికీ ఆనకుండా కట్టండి. ప్లాస్టిక్ ట్యాగులు ఇంజన్ వేడికి పెళుసుబారి తెగిపోతాయి, వాటిని నమ్మొద్దు.

ప్రశ్న: హోసులు వచ్చేదానికి నెల పడుతుందంట. అంతదాకా కూలర్ తీసేసి నడపొచ్చా? నాదీ ఎంజీబీనే. (పాఠకురాలు, తిరుపతి)

జవాబు: నడపొచ్చమ్మా, కాకపోతే పద్ధతిగా. కూలర్ లేని బి సిరీస్ ఇంజన్లకి బ్లాక్ వెనకనుంచి ఫిల్టర్ తలకి నేరుగా ఒక ఇనుప పైపు ఉంటుంది, అది దొరికితే బిగించుకోండి, లేదంటే వేడికి ఆగే హోస్‌తోనే అంత పొట్టిది ఒకటి చేయించుకోండి. రెండు రంధ్రాలకీ బిరడాలు కొట్టి మూసేద్దాం అనుకోవద్దు, నూనె దారే అది, మూస్తే బేరింగులకి చుక్క కూడా పోదు. ఊళ్ళో పనులకి, పొద్దున సాయంత్రం తిరగడానికి ఏం కాదు. మిట్టమధ్యాహ్నం చెన్నై హైవేలో తొక్కడం, కొండెక్కడం మాత్రం హోసులు వచ్చినాకే.

ప్రశ్న: దించిన పాత నూనె ఏం చెయ్యాలి? మా పక్కింటాయన చెదలకి మంచిదని గుమ్మాలకి పూస్తా ఇమ్మంటున్నాడు. (పాఠకుడు, రేణిగుంట)

జవాబు: ఇవ్వొద్దండి. వాడిన ఇంజన్ నూనెలో లోహపు పొడి, కాలిన మసి, చర్మానికి మంచివి కాని పదార్థాలు ఉంటాయి, పిల్లలు తాకే గుమ్మానికి అది పూసే వస్తువు కాదు. కాలవలో పోస్తే వానకి కొట్టుకుపోయి స్వర్ణముఖిలో కలుస్తుంది, మట్టిలో పోస్తే బోరు నీళ్ళలోకి దిగుతుంది. మూత గట్టిగా ఉండే క్యాన్‌లో పోసి, మీరు సర్వీస్ చేయించే గ్యారేజీలో ఇవ్వండి, వాళ్ళు డ్రమ్ముల్లో పోగేసి రీసైక్లింగ్ వాళ్ళకి వేస్తారు. పని చేసేటప్పుడు రబ్బరు గ్లోవ్స్ వేసుకోండి, నూనె గుడ్డలు ఉండ చుట్టి మూలకి పడెయ్యకుండా ఆరుబయట విడివిడిగా పరచండి. అప్పటిదాకా క్యాన్ మీద పెద్ద అక్షరాలతో పాత ఇంజన్ ఆయిల్ అని రాసి, వంటనూనె క్యాన్లు పెట్టే చోటికి దూరంగా, పిల్లలకి అందకుండా పెట్టండి.